పళ్ళు లేని నోట్లో పురుగు

ఫోన్ తెరమీద ఎర్రక్షరాలు మెరిసి "మీ ఫోన్‌లో వైరస్‌లు ఉన్నాయి, వెంటనే ఇక్కడ నొక్కండి" అని బెదిరిస్తే మీరేం చేస్తారో నాకు తెలియదు. నేను మాత్రం కడప వైపు పల్లెలో ఎప్పుడో కాలం చేసిన ఒక ముసలమ్మను తలుచుకుంటాను. ఆమెను నేను చూడలేదు. కంప్యూటర్ అనే మాట వినకుండానే ఆమె వెళ్ళిపోయింది. అయినా ఒమన్‌లో నా ఉద్యోగం, మా ఆయన ఉద్యోగం నిలబడ్డాయంటే ఆమె చలవే. మా అపార్ట్‌మెంట్‌లో సాఫ్ట్‌వేర్ చేసే ఆడపిల్లలకు ఈ మాట చెబితే నవ్వుతారు. నవ్వండి తల్లీ, చివరిదాకా విని మరీ నవ్వండి.

తొంభైల మొదట్లో మాట. సలాలా పక్కన రైసూత్‌లో, రేవుకు దగ్గరగా, చేపల్ని గడ్డకట్టించి ఓడలకెక్కించే కంపెనీ ఒకటి ఉండేది. మా ఆయన అందులో కోల్డ్ స్టోర్ మెకానిక్. పెళ్ళయి నేను అక్కడికి వెళ్ళాక, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక, జగిత్యాలలో నేర్చుకున్న టైపును నమ్ముకుని అదే కంపెనీలో చేరాను. ఒకరోజు నా బల్లమీది టైపు మిషన్ తీసేసి కంప్యూటర్ పెట్టారు. టైపిస్టును కాస్తా కంప్యూటర్ ఆపరేటర్‌నయ్యాను. జీతానికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఏ గదిలో ఏ చేప ఉంది, ఎప్పుడు గడ్డకట్టించారు, ఏ ఓడకు ఎన్ని పెట్టెలు పోవాలి అన్నది కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. ఆ వివరాలు తెచ్చిచ్చేవాడు ప్యాకింగ్ ఇన్‌చార్జ్. కడప మనిషి, నాకంటే బాగా పెద్దవాడు. ఇంట్లో ఉర్దూ, నాతో తెలుగు. నేను చేరిన కొత్తలో మిషన్ మొరాయిస్తే "నీ పాడుగాను" అని గొణుక్కున్నాను. వెనకనుంచి "ఎన్నాళ్ళాయె తల్లీ ఈ తిట్టు ఇని!" అని గొంతు వినబడింది. కంపెనీకంతా ఆయన భాయ్, నాకు మాత్రం ఆ రోజునుంచీ అన్న.

మా మేనేజర్ సలాలావాడే. అక్కడ మేనేజర్‌ను ముదీర్ అంటారు, మేమూ అలాగే అనేవాళ్ళం. పాదాలదాకా దిగే తెల్లటి దిష్‌దాషా అంగీ, కుట్టుపూల టోపీ, తక్కువ మాటలు. కుర్రతనంలో బొంబాయిలో ఉండి వచ్చాడు కాబట్టి హిందీ బాగానే మాట్లాడేవాడు. ఆయనకొక అలవాటు. చేప తాజాదని ఎవరు చెప్పినా వినడు. స్వయంగా మొప్ప ఎత్తి, వేలు పెట్టి చూసి, అప్పుడు తల ఆడిస్తాడు. కంప్యూటర్‌కు మొప్పలుండవు కాబట్టే తరవాతి కథంతా జరిగింది.

ఖరీఫ్ వచ్చింది. ఖరీఫ్ అంటే మన వరి పంట అనుకునేరు, సలాలాలో అది వానాకాలం పేరు. గల్ఫ్ అంతా పెనంమీద వేగుతుంటే ఒక్క సలాలాలో మంచు కమ్మి, రోజుల తరబడి సన్న తుంపర పడుతుంది. ఆ తుంపరలోనే ఒక ఉదయం నా కంప్యూటర్ బిగుసుకుపోయింది. మళ్ళీ ఆన్ చేస్తే కాసేపు నడిచి, అక్షరాలన్నీ కలగాపులగం చేసి, మళ్ళీ ఆగింది.

"సెమ్మ వట్టింది గంతే. గోడకవతల కోల్డ్ రూమాయె, ఇవతల డబ్బా వెట్టుకున్నరు" అన్నాడు మా ఆయన.

ఎవరూ పట్టించుకోలేదు, నాతో సహా. మా ఆయన లెక్కలో లోకంలోని ప్రతి రోగానికీ చెమ్మే మూలం. తలనొప్పి వచ్చినా, పప్పు ఉడక్కపోయినా అదే అనేవాడు.

సరిగ్గా అప్పుడే దిగాడు డాక్టరు. మనుషుల డాక్టరు కాదు, కంప్యూటర్ డాక్టరు. మస్కట్ నుంచి వచ్చి, సలాలాలో బస చేసి, కంపెనీల వెంట తిరుగుతున్నాడు. మన దేశంవాడే. టై, నిగనిగలాడే బ్రీఫ్‌కేసు, దాన్నిండా ఫ్లాపీలు. ఇప్పటి పిల్లలకు ఫ్లాపీ తెలియదు కదా, అరచేయంత పలక, కంప్యూటర్ ముందున్న చీలికలో దూరిస్తే లోపలి సంగతి తెరమీదకొస్తుంది. నా కంప్యూటర్‌కు అలాంటి చీలికలు రెండుండేవి. ఆయన పై చీలికలో తన ఫ్లాపీ పెట్టాడు. దానిమీద "వ్యాక్సిన్" అని రాసి ఉంది. తెరంతా నీలం రంగు పులుముకుని, మధ్యలో ఒక గీత సాగడం మొదలుపెట్టింది. వైరస్ దొరికినప్పుడల్లా మిషన్ కీచుమని అరిచేది, ఎర్ర అంకె ఒకటి పెరిగేది. ఆఫీసంతా వచ్చి నిలబడింది. హిందీవాళ్ళు "కీడా, కీడా" అన్నారు. అన్న "పురుగులే!" అన్నాడు. అన్నీ చచ్చాయని పచ్చక్షరాలు వచ్చాక మేమంతా చప్పట్లు కొట్టాం. నేనేదో ముందే అనుమానించాననుకునేరు, అందరికంటే గట్టిగా కొట్టింది నేనే.

ముదీర్ ఆయనకు కహ్వా పోయించాడు. ఒమన్‌లో ఆ కాఫీ ఇచ్చే చిన్న గిన్నెను చాలనిపించినప్పుడు చేతిలో అటూ ఇటూ ఆడించాలి, అదే "ఇక వద్దు" అనడం. ఆడించకపోతే పోస్తూనే ఉంటారు. డాక్టరుకు ఆ సంగతి తెలియదు. ఆయన తాగుతూనే ఉన్నాడు, వాళ్ళు పోస్తూనే ఉన్నారు, మేం నవ్వు ఆపుకుంటూనే ఉన్నాం.

వ్యాక్సిన్ ఫ్లాపీ మాకిచ్చి, రోజూ ఉదయం నడపమన్నాడు. నెల నెలా తను వచ్చి కొత్త మందు వేస్తానన్నాడు, ప్రతిసారీ ఫీజు వేరే. అప్పటినుంచీ నా రోజు దానితోనే మొదలు. ఇంట్లో దీపం పెట్టి, ఆఫీసుకొచ్చి వ్యాక్సిన్ పెట్టేదాన్ని. చేతులు జోడించేదాన్ని కూడా, ఎవరూ చూడకుండా. పచ్చక్షరాలు వచ్చేదాకా కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయేదాన్ని.

కానీ పురుగులు తగ్గలేదు. డాక్టరు వెళ్ళిన వారం ఒకటో రెండో కనిపించేవి. ఆయన రావలసిన రోజు దగ్గర పడేకొద్దీ పుట్టలు పుట్టలుగా లేచేవి. మధ్యమధ్య మిషన్ బిగుసుకుపోవడమూ మానలేదు. ముదీర్‌కు విసుగొచ్చింది. "రోజూ మందు వేస్తున్నా రోగం ఎందుకు తగ్గదు?" అని డాక్టరును నిలదీశాడు.

డాక్టరు తడుముకోలేదు. "మందులో లోపం లేదు సార్. లోపలివాళ్ళే ఎవరో బయటి ఫ్లాపీలు తెచ్చి పెడుతున్నారు" అన్నాడు. ఆ మాటతో అందరి చూపూ నావైపు తిరిగింది. ఆ కుర్చీలో కూర్చునేది నేనొక్కదాన్నే.

నేను తెచ్చిన ఫ్లాపీ నిజంగానే ఒకటుంది. సెలవులో ఊరికి పోయినప్పుడు, టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నాతో నేర్చుకున్న స్నేహితురాలు ఇచ్చింది. అందులో తెలుగక్షరాలున్నాయి. దాన్ని పెడితే కంప్యూటర్ తెలుగులో రాస్తుంది, ప్రింటర్ తెలుగులో అచ్చు వేస్తుంది. మొదటిసారి 'అ' అక్షరం చుక్కలు చుక్కలుగా కాగితంమీద పడినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఉగాదికి మనవాళ్ళందరినీ పిలుస్తూ దాంతోనే ఒక కాగితం వేశాను, ముదీర్‌ను అడిగే వేశాను. దాచిందేమీ లేదు కాబట్టి సొరుగులోంచి తీసి బల్లమీద పెట్టాను.

డాక్టరు దాన్ని కింది చీలికలో దూర్చాడు. వ్యాక్సిన్ నడిచింది. మిషన్ అరిచిన అరుపుకు పక్క గదిలోవాళ్ళు కూడా లేచి వచ్చారు. అంకె పెరుగుతూనే ఉంది. నా తెలుగక్షరాలు పురుగులపుట్ట అని ఎర్రగా రాసి చూపించింది నా కంప్యూటరే, నేను రోజూ దండం పెట్టిన ఫ్లాపీయే. అప్పటికీ వ్యాక్సిన్‌మీద నాకు అనుమానం రాలేదు. స్నేహితురాలిమీద వచ్చింది. ఇంత పుట్ట నాకంటగట్టిందా అనుకున్నాను, పాపం.

ముదీర్ ఫ్లాపీని జేబులో వేసుకుని, "శనివారం మాట్లాడదాం" అని మాత్రం అన్నాడు. అది గురువారం. అక్కడ శుక్రవారం సెలవు, శనివారం మళ్ళీ డ్యూటీ. సాయంత్రం మా ఆయన ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా కూర్చున్నాడు. మా ఇద్దరి పాస్‌పోర్టులూ కంపెనీ బీరువాలోంచి తీయించారట. కంపెనీవాళ్ళు పాస్‌పోర్టు బయటికి తీశారంటే ఆ రోజుల్లో ఒకటే అర్థం, ఇంటికి పంపుతారు. ఇద్దరిదీ ఒకే కంపెనీ, ఒకే స్పాన్సర్. నా తప్పుకు ఆయన కూడా పోవాలి. చెడ్డపేరుతో పోతే మళ్ళీ రానివ్వరు.

"నువ్వేం దొంగతనం జెయ్యలే. ఎందుకేడుస్తవ్?" అన్నాడు. ఒక్క మాట నన్నన్నా నాకు తేలికగా ఉండేది, అనలేదు. ఆ ఒక్కందుకే ఆ మనిషి చెమ్మ గోలంతా జీవితాంతం భరించాను.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు ముగించుకుని అన్న మా ఇంటికొచ్చాడు. చేతిలో వేయించిన కన్నద్, అంటే మన వంజరం చేప పొట్లం. నేను అన్నం కలిపి తినకుండా కూర్చున్నాను.

"తిను మా. నువ్వు పస్తుంటే కంప్యూటర్‌లో పురుగులు సచ్చాయా?"

నేను ముద్ద చేసి చేతిలో పట్టుకున్నాను. నవ్వించాలని ఆయన చిన్ననాటి సంగతి ఎత్తుకున్నాడు.

"మా ఊరికి పంటి పురుగులు తీసే ఆమె ఒకామె వస్తాండె. అరుగుమింద కూచోని, చెంపకు ఏందో పసరు పూసి, నోట్లో సన్న గొట్టం పెట్టి ఊదేది. గొట్టం దులిపితే దూదిమింద తెల్లటి పురుగులు రాలేవి. పన్ను నొప్పి ఉన్నోళ్ళకూ రాలేవి, లేనోళ్ళకూ రాలేవి. వీధి వీధంతా నోర్లు తెరుసుకోని కూచునేది. మా దాదీ చూసింది, మా నాయన తల్లి. ఊరందరికీ తీస్తాంది, నాకు తీయకపాయెనే అని మనసు పీకి, పోయి నోరు తెరిసింది. ఆయమ్మకు ఒక్క పన్ను గూడా లేదు మా! బోసి నోరు. ఆ పురుగులామె చూసుకోకుండా ఊది దులిపింది. రాలినాయి పురుగులు! మా దాదీ దూదిని చేతిలోకి తీసుకోని, నిదానంగా అడిగింది, 'ఇవి ఏ పంటివి తల్లీ?' అని."

మా ఆయన పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇన్నాళ్ళలో ఆ వ్యాక్సిన్ దేన్ని చూసినా పురుగు లేదన్న పాపాన పోలేదు. మంచి పన్ను ఒక్కటైనా దానికి దొరకలేదు.

"అన్నా, మన స్టోర్‌లో సీలు విప్పని ఫ్లాపీల డబ్బా ఉందా?" అన్నాను.

శనివారం ఉదయం డాక్టరు కూడా వచ్చాడు. ఇక ఏడాదంతా మందు వేసేందుకు డాక్టరు రాసుకొచ్చిన ఒప్పందంమీద ముదీర్ సంతకం ఆ రోజే. ముదీర్ నోరు తెరవకముందే సీలు ఉన్న డబ్బా ఆయన ముందు పెట్టి, వచ్చీరాని హిందీలో చెప్పాను: "సార్, దీన్ని ఇంతవరకు ఎవరూ ముట్టలేదు. మీ చేత్తోనే విప్పండి. ఒక ఫ్లాపీ తీసి, డాక్టరుగారితోనే చూపించండి."

ముదీర్ నా మొహంలోకి చూశాడు. వద్దంటే అక్కడితో సరి, ఒక ఆపరేటర్ మాట వినాల్సిన అవసరం ఆయనకు లేదు. కానీ ఆయన గోటితో పైకాగితం చించి, ఒక ఫ్లాపీ తీసి నాకిచ్చాడు. కింది చీలికలో పెట్టాను. వ్యాక్సిన్ నడిచింది. మిషన్ కీచుమంది, ఒకసారి, మరోసారి. అంకె పెరిగింది.

గెలిచాననుకుని డాక్టరువైపు తిరిగాను. ఆయన మొహంలో చెమట చుక్క కూడా లేదు.

"ఫ్యాక్టరీలోనే పట్టి ఉంటుంది సార్. ఈమధ్య కొత్త ఫ్లాపీలు కూడా అలాగే వస్తున్నాయి. అందుకే మా సర్వీసు మీకు మరీ అవసరం" అన్నాడు.

ముదీర్ ఆలోచనలో పడ్డాడు. నేను తెచ్చుకున్న ఒక్క ఆయుధమూ అయిపోయింది. పాస్‌పోర్టులు రెండూ ఆయన బల్లమీద, నాకు కనిపించేట్టే ఉన్నాయి.

వెనకనుంచి అన్న తెలుగులో, నెమ్మదిగా అన్నాడు: "ఎంత కొత్తదైనా అదీ పన్నే గదమ్మా. మా దాదీకి పన్నే లేదు."

ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక చెయ్యి దానంతటదే కదిలింది. కింది చీలికలోంచి ఫ్లాపీ లాగి ముదీర్ అరచేతిలో పెట్టాను. ఇప్పుడు అందులో ఏమీ లేదు. బోసి నోరు.

"ఇప్పుడు నడపనా సార్?"

"ఖాళీగా నడపకూడదు, మిషన్ పాడైపోతుంది!" అంటూ డాక్టరు లేచాడు. ఆయన గొంతు పెరగడం అదే మొదటిసారి.

ముదీర్ చెయ్యి అడ్డం పెట్టి, "చలావ్" అన్నాడు.

మీట నొక్కాను. నీలం తెర వచ్చింది. గీత సాగింది. ఆ కాసేపూ నేను పడ్డ అవస్థ పగవాళ్ళకు కూడా వద్దు. ఒకవేళ ఇది నిజం మందే అయి, ఖాళీ అని చెబితే? అప్పుడు నేను దొంగనే కాక అబద్ధాలకోరును కూడా అవుతాను.

మిషన్ కీచుమంది.

ఏమీ లేని చీలికలో పురుగు దొరికింది. ఇంకొకటి దొరికింది. ఎర్ర అంకె పెరుగుతూ పోయింది. అప్పుడు చూశాను, చీలిక పక్కనుండే చిన్న పచ్చదీపాన్ని. మిషన్ ఆ చీలికలోకి చూడబోయినా చాలు, వెలగాల్సిన దీపం అది. వెలగలేదు. ఆ వ్యాక్సిన్ ఎక్కడా ఏదీ చూడటమే లేదు, ఊరికే అరుస్తోంది. ఇన్నాళ్ళూ తెరకు దండం పెట్టాను గానీ దీపంవైపు ఒక్కసారి చూస్తే నా సొమ్మేం పోయేది?

ముదీర్ కుర్చీలోంచి లేచి వచ్చాడు. నడుం వంచి, చేపకు పెట్టినట్టే, ఆ చీలికలో వేలు పెట్టి చూశాడు. అటూ ఇటూ కదిపి చూశాడు. తరవాత నిటారుగా నిలబడి, "ఖాలీ హై" అన్నాడు. డాక్టరువైపు తిరిగి, "కీడా కిధర్ హై?" అని అడిగాడు.

"ఇవి ఏ పంటివి తల్లీ?" అన్నాడు అన్న, తెలుగులోనే, ఎవరినీ ఉద్దేశించనట్టు. అంత భయంలోనూ నాకు ఫక్కున నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపై, కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ముదీర్ కేకలు వేయలేదు. డాక్టరుకు కహ్వా తెప్పించాడు. డాక్టరు తాగాడు, గిన్నె ఆడించడం ఇప్పటికీ రాలేదు, మళ్ళీ పోయబోయారు. ముదీరే ఆ గిన్నె ఆయన చేతిలోంచి తీసుకుని, గాల్లో అటూ ఇటూ ఆడించి, బల్లమీద పెట్టాడు. "బస్. ఖలాస్" అన్నాడు. డాక్టరు బ్రీఫ్‌కేసు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆయనతో లెక్కలు ఎలా తేల్చుకున్నారో నాకు తెలియదు. ఆ పూటంతా ముదీర్ రేవు చుట్టుపక్కల కంపెనీలకు ఫోన్లు చేస్తూనే ఉన్నాడు, అది మాత్రం విన్నాను.

ఆ వారంలోనే నా బల్లను కోల్డ్ రూమ్ గోడ దగ్గరనుంచి కిటికీ వైపు జరిపారు. కంప్యూటర్ మళ్ళీ బిగుసుకోలేదు. మా ఆయన ఒక నెలపాటు ఇంట్లో కాలరెగరేసి తిరిగాడు. ఒక్కసారి నిజమయ్యేసరికి ఆ చెమ్మ సిద్ధాంతానికి ఇక అడ్డూ ఆపూ లేకుండా పోయింది.

తరవాత చాలా ఏళ్ళు పనిచేశాను, కంప్యూటర్లు చాలా మారాయి. అన్నీ ఎవరో ఒకరు దగ్గరుండి నేర్పారు, అందరికీ రుణపడి ఉన్నాను. కానీ సీలు చించి ఫ్లాపీ నా చేతికిచ్చిన ముదీర్‌నూ, చేప పొట్లంతో వచ్చిన అన్ననూ తలుచుకోని పండగ లేదు. అన్న ఇప్పుడు కడపలో ఉంటాడు. ఫోన్ చేస్తే పలకరింపు కూడా లేకుండా, "ఏ పంటివి తల్లీ?" అంటాడు. మీకు నేను చెప్పదలచుకున్నదీ అంతే. ఎవడైనా మీలో పురుగుందని బెదిరిస్తే భయపడండి, తప్పులేదు, నేనూ భయపడ్డాను. కాకపోతే చెయ్యి జేబులో పెట్టేముందు వాడికి ఒక బోసి నోరు చూపించండి.

ముదీర్ నాకు క్షమాపణ చెప్పలేదు. అది ఆయన పద్ధతి కాదు. పాస్‌పోర్టులు తిరిగి బీరువాలోకి వెళ్ళాయని మా ఆయనే వచ్చి చెప్పాడు. ఆ శనివారానికి మర్నాడు ఉదయం మాత్రం ముదీర్ నా బల్ల దగ్గరికి వచ్చి, జేబులోంచి నా తెలుగు ఫ్లాపీ తీసి పెట్టాడు.

"సిస్టర్, ఇందులో నా పేరు రాస్తుందా?" అని హిందీలో అడిగాడు.

పెద్ద అక్షరాలతో వేసిచ్చాను. తిరగేసి మరగేసి చూసుకుని, తన గది తలుపుమీద, అరబ్బీ ఇంగ్లీషు పలకల కింద, తనే అంటించాడు. ఆయన గదికి వచ్చే పెద్దమనుషులెవరికీ అది చదవడం రాదు. కానీ కోల్డ్ రూమ్‌లో పెట్టెలు మోసేవాళ్ళు చాలామంది మా కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్ళే. ఏళ్ళ తరబడి ఆ కంపెనీలో ఉన్నా, నా ఉగాది కాగితం తప్ప వాళ్ళు చదవగలిగిన కాగితం ఒక్కటీ లేదు. ఆ మధ్యాహ్నం జీతం సంతకానికి వచ్చిన ఒకతను తలుపు దగ్గర ఆగిపోయాడు. వేలు అక్షరాలమీద ఆనించి, బళ్ళో చదివినట్టు గట్టిగా, కూడబలుక్కుంటూ ముదీర్ పేరు చదివాడు. లోపలనుంచి ముదీర్ అరబ్బీలో "నఅమ్?" అని పలికాడు, ఎవరో తనను పిలిచారనుకుని.